డేటాబేస్‌లో మద్రాసు టైమ్

పోస్ట్‌గ్రెస్ డేటాబేస్‌లో టైమ్ జోన్‌ను ‘ఏషియా/కోల్‌కతా’ అని పెట్టి, 1900 జనవరి 1 అర్ధరాత్రి వేళను జోన్‌తో సహా చూపించమని క్వెరీ రాస్తే వచ్చే జవాబు కొత్తవాళ్లను కాసేపు ఆలోచనలో పడేస్తుంది. తేదీ సరిగ్గానే ఉంటుంది. దాని పక్కన మాత్రం మనకు అలవాటైన +05:30 కనిపించదు. +05:21:10 అని ఉంటుంది. ఐదు గంటల ఇరవై ఒక్క నిమిషాల పది సెకన్లు! సాఫ్ట్‌వేర్‌లో ఏదో లోపం ఉందని చాలామంది అనుకుంటారు. లోపమేమీ లేదు. అది ఒకప్పటి మద్రాసు టైమ్. ఆ రోజుల్లో దేశంలో రైళ్లు నడిచింది ఆ టైమ్ ప్రకారమే.

‘ప్రపంచమంతటికీ ఒకటే అయిన టైమ్ ఇప్పుడెంత?’ అని డేటాబేస్‌ను అడగడం ఈరోజు ఒక్క మాటతో అయిపోయే పని. మైక్రోసాఫ్ట్ ఎస్‌క్యూఎల్ సర్వర్‌లో గెట్‌యూటీసీడేట్, మైఎస్‌క్యూఎల్‌లో యూటీసీ_టైమ్‌స్టాంప్, ఒరాకిల్‌లో సిస్_ఎక్స్‌ట్రాక్ట్_యూటీసీ. ఈ ఒక్క మాట వెనక రెండు శతాబ్దాల తగాదా ఉంది. ఎవరి గడియారం ఎవరు ఒప్పుకోవాలి అన్నదే ఆ తగాదా. వేధశాలలు, రైల్వేలు, టెలిగ్రాఫ్ ఆఫీసులు దాన్ని పరిష్కరించుకోవడానికి వందేళ్లు పట్టింది. తర్వాత కంప్యూటర్లు వచ్చి అదే తగాదాను మళ్లీ మొదటి నుంచి మొదలుపెట్టాయి.

మద్రాసు టైమ్ కథ ఒక వేధశాలతో మొదలవుతుంది. విలియం పెట్రీ అనే ఈస్టిండియా కంపెనీ ఉద్యోగి మద్రాసులో సొంతంగా చిన్న వేధశాల నడిపేవాడు. 1792లో కంపెనీ నుంగంబాకంలో దానికి శాశ్వతమైన భవనం కట్టించింది. లోపల పది టన్నుల గ్రానైటు స్తంభం నిలబెట్టి, దాని మీద దూరదర్శినిని అమర్చారు. నేల అదిరినా పరికరం కదలకూడదని అంత బరువు. ఆ స్తంభం మీద లాటిన్‌తో పాటు తమిళంలోనూ తెలుగులోనూ శాసనాలు చెక్కించారు. వేధశాల పోయినా స్తంభం ఇప్పటికీ నుంగంబాకం వాతావరణ కేంద్రం ఆవరణలో ఉంది.

అక్కడ టైమ్ తెలుసుకోవడం రాత్రిపూట పని. దూరదర్శిని సరిగ్గా ఉత్తర దక్షిణాల మధ్య మాత్రమే కదిలేలా బిగించి ఉంటుంది. కంటి దగ్గర నిలువుగా సన్నని తీగలు. ఏ నక్షత్రం ఎప్పుడు ఆ రేఖను దాటాలో పట్టికలో ముందే ఉంటుంది. పరిశీలకుడు కన్ను నక్షత్రం మీద, చెవి లోలకం గడియారం టిక్కుటిక్కుల మీద పెట్టి కూర్చుంటాడు. చుక్క తీగను దాటిన క్షణం ఏ టిక్కుకూ ఏ టిక్కుకూ మధ్య పడిందో అంచనా వేసి రాసుకుంటాడు. సెకనులో పదో వంతు దాకా చెవితోనే పట్టగలిగిన నేర్పరులుండేవాళ్లు. అలా రాత్రి తర్వాత రాత్రి లెక్క కడితే ఊరి టైమ్ తేలుతుంది. ఒక డిగ్రీ రేఖాంశానికి నాలుగు నిమిషాల చొప్పున గ్రీనిచ్‌తో తేడా కట్టొచ్చు. 1802లో వేధశాల ఖగోళజ్ఞుడు జాన్ గోల్డింగ్‌హామ్ ఈ తేడా 5 గంటల 21 నిమిషాల 14 సెకన్లని తేల్చాడు. తర్వాతి కొలతల్లో అది పది సెకన్లకు దిగింది. పోయిన నాలుగు సెకన్లు రేఖాంశంలో ఒకే ఒక్క కళ, అంటే నేల మీద రెండు కిలోమీటర్ల లోపు దూరం. చెవితో విన్న టిక్కుల మీద ఆధారపడి అంత దగ్గరగా రావడం గొప్ప విషయం.

ఒక రేఖను ఆధారంగా పెట్టుకుని లెక్కంతా దాని మీదే చేసి, చివర్లో ఎవరి ఊరికి వాళ్లు సవరించుకోవడం మన పంచాంగకర్తలకు కొత్తేమీ కాదు. సూర్యసిద్ధాంతం ఉజ్జయిని మీదుగా పోయే రేఖను ఆధారం చేసుకుంది. క్రీ.పూ. 3102 ఫిబ్రవరిలో ఆ రేఖ మీద కలియుగం మొదలైన అర్ధరాత్రి నుంచి గడిచిన రోజుల సంఖ్యే అహర్గణం. గ్రహాల స్థానాలన్నీ ఆ ఒక్క అంకె నుంచే పుట్టుకొస్తాయి. ఆ తర్వాత సొంత ఊరు ఉజ్జయినికి ఎంత తూర్పునో, ఎంత పడమరో చూసి దేశాంతర సంస్కారం చేస్తారు. విజయవాడ సుమారు ఐదు డిగ్రీలు తూర్పున ఉంది కాబట్టి అక్కడి తేడా ఒక గడియకు కాస్త తక్కువ. ఎక్కడో ఒకచోట సున్నా పెట్టి, అక్కడి నుంచి లెక్కపెట్టిన ఒకే అంకెను భద్రపరిచి, చూపించేటప్పుడు ఊరి ప్రకారం మార్చుకోవడం ఈనాటి డేటాబేస్ పద్ధతి కూడా. మద్రాసు వేధశాలలో సహాయకుడిగా పనిచేసి 1867లో ఒక చరనక్షత్రాన్ని కనుగొన్న చింతామణి రఘునాథాచారి ఈ రెండు లోకాల మధ్యా నడిచిన మనిషి. కంటికి కనిపించే ఆకాశంతో సరిపోయే దృగ్గణిత పంచాంగాన్ని తీసుకొచ్చాడు.

రైలు రాకముందు ఊరికో టైమ్ ఉన్నా ఎవరికీ ఇబ్బంది లేదు. బొంబాయి గ్రీనిచ్ కంటే 4 గంటల 51 నిమిషాలు ముందు, కలకత్తా దాదాపు 5 గంటల 53 నిమిషాలు ముందు. రెండు నగరాల మధ్య గంటకు పైగా తేడా. ఎద్దుల బండి మీద వెళ్లేవాడికి అది తెలియను కూడా తెలియదు. పట్టాలు పడి, తంతి తీగలు లాగాక పరిస్థితి మారింది. ఒకే పట్టా మీద ఎదురెదురుగా వచ్చే బళ్లకు రెండు గడియారాలుంటే ప్రాణాల మీదికొస్తుంది. అందుకే రెండు నగరాలకూ మధ్యలో పడే మద్రాసు టైమ్‌ను 1870 నాటికి రైల్వేలు అందుకున్నాయి. సర్వే ఆఫ్ ఇండియా రేఖాంశాలకు అప్పటికే మద్రాసు వేధశాలే ఆధారం.

రైలు టైమ్ స్టేషన్ గేటు దగ్గరే ఆగిపోయింది. 1881లో బొంబాయి గవర్నరు సర్కారీ పనులకు మద్రాసు టైమ్ వాడాలని ఆదేశించాడు. ఊరు ఒప్పుకోలేదు. రెండేళ్లకే దాన్ని వదులుకోవాల్సి వచ్చింది.

1884 అక్టోబరులో వాషింగ్టన్‌లో 25 దేశాల ప్రతినిధులు కూర్చుని గ్రీనిచ్‌ను సున్నా రేఖగా ఎంచుకున్నారు. 22 దేశాలు ఔనన్నాయి, ఒకటి కాదంది. ఫ్రాన్స్, బ్రెజిల్ ఓటు వేయలేదు. మన దేశంలో గ్రీనిచ్ కంటే సరిగ్గా ఐదున్నర గంటలు ముందుండే టైమ్ 1906 జనవరి 1 నుంచి అమల్లోకి వచ్చింది. 82.5 డిగ్రీల తూర్పు రేఖాంశం దానికి ఆధారం. ఉత్తరాన మీర్జాపూర్ దగ్గర, ఆంధ్ర తీరంలో కాకినాడకు సమీపంలో ఆ రేఖ పోతుంది. మద్రాసు ప్రెసిడెన్సీలోని తెలుగు జిల్లాల్లో రైలు గడియారాలు తొమ్మిది నిమిషాలకు పది సెకన్లు తక్కువగా ముందుకు జరిగాయి, అంతే. బొంబాయిలో మాత్రం అరగంటకు పైగా జరపాల్సి రావడంతో మిల్లు కార్మికులు ఎదురు తిరిగారు. కలకత్తా తన టైమ్‌ను 1948 దాకా, బొంబాయి 1955 దాకా పూర్తిగా వదల్లేదు. మధ్యలో యుద్ధం. 1942 సెప్టెంబరు 1 నుంచి 1945 అక్టోబరు 15 దాకా దేశం మొత్తం గడియారాలను ఇంకో గంట ముందుకు తిప్పుకుంది. 1943 ఆగస్టులోని ఏ తేదీనైనా పోస్ట్‌గ్రెస్‌ను అడిగితే పక్కన +06:30 వస్తుంది.

ఇవన్నీ డేటాబేస్‌కు ఎలా తెలుసు? అమెరికాలోని జాతీయ ఆరోగ్య సంస్థలో పనిచేసే ఆర్థర్ డేవిడ్ ఓల్సన్ 1980లలో మొదలుపెట్టిన టైమ్ జోన్ పట్టిక వల్ల. ఏ ప్రాంతం ఏ తేదీ నుంచి ఏ టైమ్ పాటించిందో అందులో వరుసగా ఉంటుంది. పాల్ ఎగర్ట్ తదితరులు పాత గెజిట్లు, పత్రికలు, చరిత్ర పుస్తకాలు తిరగేసి దాన్ని నింపుతూ వచ్చారు. జీతం కోసం చేసిన పని కాదిది. 2011లో దాని బాధ్యత ఇంటర్నెట్ పేర్లూ అంకెలూ చూసే సంస్థ చేతికి వెళ్లింది. లైనక్స్ సర్వర్లలో, ఫోన్లలో, పోస్ట్‌గ్రెస్ లోపల అదే పట్టిక ఉంటుంది. కలకత్తా టైమ్, దాని తర్వాత 1870 నుంచి మద్రాసు టైమ్, 1906 నుంచి ఐదున్నర, యుద్ధకాలపు గంట అన్నీ అందులోని కొద్ది వరుసల్లో ఉన్నాయి. నుంగంబాకంలో చెవితో పట్టిన పది సెకన్లు ప్రపంచంలోని కోట్ల యంత్రాల్లోకి ఈ దారినే చేరాయి.

గ్రీనిచ్ టైమ్ కూడా అలాగే నిలిచిపోలేదు. భూమి తిరుగుడు ఏకరీతిగా ఉండదని తేలాక, 1955లో లూయీ ఎసెన్, జాక్ ప్యారీ బ్రిటన్‌లో సీజియం అణు గడియారాన్ని నడిపించి చూపారు. 1967లో సీజియం పరమాణువు నుంచి వచ్చే తరంగాల 919,26,31,770 కంపనాల కాలమే సెకను అని నిర్వచించారు. సెకనును పరమాణువు నుంచి, రోజును భూమి నుంచి తీసుకుని రెంటినీ కలిపిన ఏర్పాటే యూటీసీ. ఇప్పటి రూపంలో అది 1972 జనవరి 1 నుంచి నడుస్తోంది. భూమి వెనకబడినప్పుడల్లా ఒక సెకను (లీప్ సెకను) కలిపారు. 2016 ఆఖరు దాకా అలా కలిపినవి 27. మన దేశంలో ఈ లెక్కను ఢిల్లీలోని జాతీయ భౌతిక ప్రయోగశాల కాపాడుతోంది.

అదే రోజుల్లో కంప్యూటర్లు తమ లెక్క తాము మొదలుపెట్టాయి. 1971 నవంబరు నాటి యూనిక్స్ తొలి మాన్యువల్ ప్రకారం టైమ్ అంటే ఆ ఏడాది జనవరి 1 నుంచి గడిచిన సెకనులో అరవయ్యో వంతుల సంఖ్య. 32 బిట్లలో ఆ అంకె రెండుంపావు ఏళ్లకే నిండిపోతుంది. అందుకని తర్వాత పూర్తి సెకన్లకు, 1970 జనవరి 1కి మారారు. ఆ సున్నా గ్రీనిచ్ టైమ్‌లోదే. యూనిక్స్ ఈ విషయంలో మొదటి నుంచీ సరైన దారిలో ఉంది: లోపల ఒకే అంకె, పైకి ఊరి గడియారం.

డేటాబేస్‌లు ఆ దారి పట్టలేదు. అవి పెరిగింది బ్యాంకుల్లో, ఇన్సూరెన్స్ కంపెనీల్లో, ఒకే భవనంలోని ఒకే పెద్ద యంత్రం మీద. టైమ్ అడిగితే గోడ గడియారంలో ఉన్నది చెబితే సరిపోయేది. 1986లో ఎస్‌క్యూఎల్‌కు తొలి ప్రమాణం వచ్చినప్పుడు అందులో తేదీ అనే రకమే లేదు. ఎవరికి తోచినట్టు వాళ్లు కల్పించుకున్నారు. ఒరాకిల్ సిస్‌డేట్ సర్వర్ ఉన్న ఊరి టైమ్ ఇచ్చింది. సైబేస్ నుంచి మైక్రోసాఫ్ట్‌కు వచ్చిన గెట్‌డేట్ కూడా అంతే. సర్వర్‌ను హైదరాబాద్ నుంచి సింగపూర్‌కు మార్చి, గడియారాన్ని అక్కడి టైమ్‌కు తిప్పితే, అదే క్వెరీ ఆ పూట నుంచి రెండున్నర గంటలు ముందున్న జవాబిస్తుంది. పాత వరుసలు ఒక ఊరి టైమ్‌లో, కొత్త వరుసలు ఇంకో ఊరి టైమ్‌లో, రెండూ ఒకే కాలమ్‌లో. 1880ల బొంబాయి, మద్రాసు, కలకత్తా ఒకే టేబుల్‌లో ఇరుక్కున్నట్టే.

ఐబీఎమ్ డీబీ2 ఒక ఉపాయం ఇచ్చింది. కరెంట్ టైమ్‌స్టాంప్ నుంచి కరెంట్ టైమ్‌జోన్ తీసేస్తే వచ్చేదే విశ్వకాలం, అంటే యూటీసీ. పంచాంగకర్త దేశాంతర సంస్కారాన్ని వెనక్కి చేసినట్టు. 1992 ప్రమాణంలో కరెంట్_టైమ్‌స్టాంప్, జోన్‌తో కూడిన టైమ్‌స్టాంప్ రెండూ చేరాయి. కాగితం మీద సమస్య అక్కడితో తీరిపోవాలి. కంపెనీలు మాత్రం తమ పాత కస్టమర్లను కదిలించడానికి భయపడ్డాయి.

ఆ భయాన్ని పోగొట్టింది ఇంటర్నెట్, దాంతో పాటు వచ్చిన ఔట్‌సోర్సింగ్. 1998 నవంబరులో హైదరాబాద్‌లో సైబర్ టవర్స్ ప్రారంభమయ్యే నాటికి వేలమంది తెలుగు ప్రోగ్రామర్లు వై2కే పనిలో ఉన్నారు. ఆ పని అయ్యాక అమెరికా కంపెనీల సపోర్ట్ పనులు మొదలయ్యాయి. న్యూయార్క్‌లో పొద్దున తొమ్మిదంటే వేసవిలో మనకు సాయంత్రం ఆరున్నర, చలికాలంలో ఏడున్నర. షిఫ్టు క్యాబ్ టైమింగ్ ఏటా రెండుసార్లు మారే ఊళ్లో డేలైట్ సేవింగ్ అంటే ఏమిటో వివరించక్కర్లేదు. న్యూయార్క్‌లో నవంబరులో గడియారం వెనక్కి తిప్పే రాత్రి ఒంటిగంటన్నర రెండుసార్లు వస్తుంది. ఊరి టైమ్‌లో 1:30 అని మాత్రమే రాసుకున్న రెండు లావాదేవీల్లో ఏది ముందు జరిగిందో ఏ క్వెరీ తేల్చలేదు. మార్చిలో ఇంకో చిక్కు. రెండింటికీ మూడింటికీ మధ్య గంట అసలు ఉండదు.

అందుకే 2000 సంవత్సరం చుట్టూ ఒక్కొక్కరే దారికొచ్చారు. ఎస్‌క్యూఎల్ సర్వర్ 2000లో గెట్‌యూటీసీడేట్ వచ్చింది. 2001లో ఒరాకిల్ 9ఐ జోన్‌తో కూడిన టైమ్‌స్టాంప్‌ను తెచ్చింది. మైఎస్‌క్యూఎల్ 4.1 వరుసలో యూటీసీ_టైమ్‌స్టాంప్ చేరింది. గెట్‌యూటీసీడేట్ ఇచ్చే సెకనును మూడు వందల భాగాలు చేశారు కాబట్టి దాని చివరి అంకె ఎప్పుడూ 0, 3, 7 లలో ఒకటే. అంతకంటే సూక్ష్మం కావాలంటే 2008లో వచ్చిన సిస్‌యూటీసీడేట్‌టైమ్ వాడాలి. అది సెకనులో కోటో వంతు దాకా పోతుంది. పోస్ట్‌గ్రెస్ జోన్‌తో కూడిన టైమ్‌స్టాంప్ పేరుకే జోన్‌ది. లోపల దాచేది 2000 జనవరి 1 నుంచి యూటీసీలో గడిచిన మైక్రోసెకన్ల సంఖ్య. మన ఫోన్లలో ఉండే చిన్న ఎస్‌క్యూలైట్ ఈ తగాదాలో దిగనే లేదు. కరెంట్_టైమ్‌స్టాంప్ అంటే దానికి మొదటి నుంచీ యూటీసీయే. లోపల అది జూలియన్ దిన సంఖ్య వాడుతుంది. 1583లో జోసెఫ్ స్కాలిజర్ అనే పండితుడు తన కాలచక్రానికి మొదలుగా పెట్టుకున్న క్రీ.పూ. 4713 నుంచే దాని లెక్క. అహర్గణానికి తోబుట్టువు.

‘ఇప్పుడు’ అంటే ఏ క్షణం అన్న ప్రశ్న కూడా తేలాల్సి వచ్చింది. పోస్ట్‌గ్రెస్‌లో నౌ అని అడిగితే ట్రాన్సాక్షన్ మొదలైన క్షణం వస్తుంది. రాత్రి 11:50కి మొదలై అరగంట నడిచే నెలాఖరు బ్యాచ్‌లో ప్రతి వరుస మీదా 11:50 అనే పడుతుంది. సగం లెక్క ఈ నెలలో, సగం వచ్చే నెలలో పడకుండా కాపాడేది అదే. నిజంగా ముల్లు ఎక్కడుందో తెలియాలంటే క్లాక్_టైమ్‌స్టాంప్ అనే వేరే ఫంక్షన్ ఉంది. మైఎస్‌క్యూఎల్‌లో నౌ ఆ స్టేట్‌మెంట్ మొదలైన క్షణాన్ని పట్టుకుని కూర్చుంటుంది, సిస్‌డేట్ మాత్రం పిలిచిన ప్రతిసారీ గడియారం చూసి వస్తుంది. స్టేట్‌మెంట్లను అలాగే పంపి నకలు తీసే సర్వర్ ఆలస్యంగా అదే పని చేసినప్పుడు సిస్‌డేట్ జవాబు మారిపోతుంది. నౌ మారదు, ఎందుకంటే అసలు సర్వర్ లాగ్‌లో ఆ క్షణాన్ని రాసి పంపిస్తుంది.

యూటీసీ అలవాటైన చోట కొత్త పొరపాట్లు పుట్టాయి. మన దేశానికి సంబంధించినంతవరకూ అన్నిటికంటే సాధారణమైనది అర్ధరాత్రికీ తెల్లవారుజాము ఐదున్నరకూ మధ్య జరుగుతుంది. ఏప్రిల్ 1 రాత్రి 12:40కి ఆన్‌లైన్‌లో ఒక అమ్మకం జరిగిందనుకుందాం. యూటీసీలో అది మార్చి 31 సాయంత్రం 7:10. రిపోర్టు రాసినవారు తేదీని యూటీసీ నుంచి నేరుగా కోసేస్తే ఆ బిల్లు పోయిన ఆర్థిక సంవత్సరంలోకి వెళ్లిపోతుంది. దాచింది సరిగ్గానే దాచారు. చూపేముందు దేశాంతర సంస్కారం మరిచారు.

లీప్ సెకను కూడా ఒకసారి గట్టిగానే తగిలింది. 2012 జూన్ 30న కలిపిన సెకను మనకు జులై 1 పొద్దున ఐదున్నరకు ముందు వచ్చింది. ఆ క్షణాన లైనక్స్ కెర్నల్‌లోని ఒక లోపం బయటపడి, ప్రపంచమంతటా మైఎస్‌క్యూఎల్, జావా నడుస్తున్న సర్వర్లు ప్రాసెసర్‌ను వంద శాతం తినేశాయి. గడియారాన్ని మళ్లీ సెట్ చేస్తే తగ్గింది. ఈ సెకనును 2035లోపు దాదాపుగా పక్కన పెట్టేయాలని 2022 నవంబరులో తూనికలు కొలతల అంతర్జాతీయ మహాసభ తీర్మానించింది. అదే ఏడాది ఏప్రిల్‌లో మన సైబర్ భద్రతా సంస్థ సెర్ట్-ఇన్ దేశంలోని సర్వర్లన్నీ నేషనల్ ఇన్ఫర్మేటిక్స్ సెంటర్ (ఎన్ఐసీ) లేదా జాతీయ భౌతిక ప్రయోగశాల టైమ్ సర్వర్లతో గడియారాలు సరిచూసుకోవాలని ఆదేశించింది.

జరిగిపోయిన సంగతులకు యూటీసీని మించింది లేదు. జరగబోయే వాటికి అదొక్కటే చాలదు. 2007లో అమెరికా డేలైట్ సేవింగ్ తేదీలను మార్చినప్పుడు, పాత నిబంధన ప్రకారం ముందే యూటీసీలోకి మార్చి దాచిన అపాయింట్‌మెంట్లు కొన్ని వారాల పాటు గంట పక్కకు జరిగాయి. భవిష్యత్తులోని ముహూర్తానికి ఊరి గడియారం టైమ్, ఆ ఊరి జోన్ పేరు రెండూ రాసి పెట్టుకోవాలి. ఇది మనకు దూరపు సంగతి అనుకోవడానికీ లేదు. అస్సాం తేయాకు తోటలు ఇప్పటికీ గంట ముందుండే ‘బాగాన్ టైమ్’ పాటిస్తాయి. దేశానికి రెండు జోన్లుంటే మేలని 2018లో జాతీయ భౌతిక ప్రయోగశాల శాస్త్రవేత్తలే ప్రతిపాదించారు. అది అమల్లోకి రాలేదు. వస్తే యూటీసీలో దాచిన పాత వరుసల్లో ఒక్కటీ మార్చక్కర్లేదు. ‘ఐఎస్‌టీ’ అని మూడక్షరాలు రాసి ఊరుకున్న వరుసలతోనే అసలు కష్టం. వాటికి ఇప్పుడైనా పూచీ లేదు. పోస్ట్‌గ్రెస్‌కు చాలా వెర్షన్ల పాటు, విడిగా చెబితే తప్ప, ఐఎస్‌టీ అంటే ఇజ్రాయెల్ టైమ్, గ్రీనిచ్‌కు రెండు గంటలు ముందు. మన ఐదున్నర కావాలంటే సెట్టింగ్స్‌లో జోన్ పొట్టిపేర్ల పట్టికను ‘ఇండియా’కు మార్చాలి, లేదా ‘ఏషియా/కోల్‌కతా’ అని పూర్తి పేరు రాయాలి.